బడిలో నైపుణ్య పోటీ పెట్టాలంటే: ఆలోచన నుంచి మార్కుల షీట్ దాకా

స్కూళ్లలో వక్తృత్వ పోటీలుంటాయి, వ్యాసరచన ఉంటుంది, క్విజ్ ఉంటుంది, ఆటల పోటీలు సరేసరి. వైరు చక్కగా బిగించగలిగే అమ్మాయికీ, చెక్కను గీత తప్పకుండా కోయగలిగే అబ్బాయికీ మాత్రం చప్పట్లు పడే వేదిక దాదాపు ఉండదు. చేతిపని గొప్పదని ఉపన్యాసాలిస్తే పిల్లలు వినేసి మర్చిపోతారు. అదే పోటీ అన్నారనుకోండి, దానికో తేదీ ఉంటుంది. తేదీ పడిందంటే సాధన మొదలవుతుంది, సాధన కోసం బీరువాలో మూలుగుతున్న పనిముట్లు బయటికి వస్తాయి.

ఇది కొత్త ఆలోచన కాదు. ఇవాళ వరల్డ్‌స్కిల్స్ పేరుతో జరుగుతున్న అంతర్జాతీయ పోటీలకు మూలం 1950లో మాడ్రిడ్‌లో స్పెయిన్, పోర్చుగల్ యువకుల మధ్య జరిగిన ఒక చిన్న పోటీ. 2024లో ఫ్రాన్స్‌లోని లియోన్‌లో జరిగిన పోటీల్లో ఏకంగా 59 విభాగాలున్నాయి. ఇటుకల కట్టుబడి, వెల్డింగ్, కేశాలంకరణ, సైబర్ భద్రత అన్నీ ఒకే కప్పు కింద. అక్కడ పాల్గొనేవాళ్లు ఎక్కువగా ఇరవై రెండేళ్ల లోపు యువత. వాళ్ల స్థాయిని స్కూలు పిల్లల నుంచి ఆశించకూడదు. కానీ పని ఎలా ఇవ్వాలి, మార్కులు ఎలా వేయాలి అన్న విషయాల్లో వాళ్లు ఏళ్ల తరబడి మెరుగుపరుచుకున్న పద్ధతులు బడికి కూడా బాగా పనికొస్తాయి. ఈ వ్యాసంలో అలాంటివి రెండు మూడు వాడుకుందాం.

మొదటి మెట్టు: పోటీ ఎవరికోసమో ముందే తేల్చుకోండి

మామూలుగా జరిగేది ఇలా ఉంటుంది. పై స్థాయి పోటీకి పిలుపు వస్తుంది. టీచరు ఇద్దరు చురుకైన పిల్లల్ని ఎంచుకుంటారు. ఆ ఇద్దరూ క్లాసులు మానుకుని ఒకే పనిని పదేపదే చేస్తారు. కప్పు వస్తుంది, హెడ్మాస్టరు గదిలో అద్దాల బీరువాలోకి వెళ్తుంది. క్లాసులో మిగతా పిల్లలెవరూ స్క్రూడ్రైవర్ ముట్టుకోనే లేదు. దీన్ని నైపుణ్యాల ప్రోత్సాహం అనడానికి నాకు మనసొప్పదు.

అందుకే పోటీని తలకిందులుగా ఆలోచించాలి. అసలు పోటీ క్లాసులో జరిగే మొదటి రౌండే. ఫైనల్స్ దానికొక సాకు. మొదటి రౌండులో క్లాసులో ఉన్న ప్రతి ఒక్కరూ పాల్గొనాలి, అదీ మామూలు పీరియడ్లలోనే. పని చిన్నది, నలభై నిమిషాల్లో అయిపోయేది. ర్యాంకులు ఉండవు, మార్కుల షీట్ మాత్రం ఉంటుంది. ఆ తర్వాత ఇష్టపడి ముందుకొచ్చిన వాళ్లకు స్కూలు రౌండు. అక్కడ మొదటి రెండు స్థానాల్లో నిలిచిన వాళ్లు ఇతర స్కూళ్లతో పోటీకి వెళ్తారు.

పోటీ ఎంత బాగా జరిగిందో చెప్పడానికి నోటుపుస్తకంలో ఒక్క సంఖ్య రాసుకోండి: ఎంతమంది పిల్లలు ఒక పనిని మొదటి నుంచి చివరిదాకా సొంత చేతులతో పూర్తి చేశారు? కప్పుల లెక్క తర్వాత చూసుకోవచ్చు.

రెండో మెట్టు: ఏ నైపుణ్యం?

ఇక్కడ ఆశ పడితే మొత్తం చెడుతుంది. మొదటి ఏడాది రెండు విభాగాలు చాలు, మూడు దాటొద్దు. రోబోలు, త్రీడీ ప్రింటర్లు ఫొటోల్లో బాగుంటాయి. కానీ ఒకే ప్రింటర్ ఉంటే ఒకరు పని చేస్తుంటే ముప్పై తొమ్మిది మంది చూస్తుంటారు.

ఒక నైపుణ్యాన్ని ఎంచుకునే ముందు నాలుగు విషయాలు చూడండి. నేర్పడానికి మనిషి ఉన్నారా? కనీసం సగం క్లాసుకు ఒకేసారి పనిముట్లు అందుతాయా? ఫలితాన్ని కొలవగలమా? వాడిన సామాను మళ్లీ వాడుకోవచ్చా? నాలుగో ప్రశ్నను చాలామంది వదిలేస్తారు, మధ్యలో సాధన ఆగిపోయేది మాత్రం దానివల్లే. వైరింగ్ బోర్డు విప్పి మళ్లీ బిగించవచ్చు. పైపుల బిగింపులో మరలతో కలిసే భాగాలు వాడితే అవీ అంతే. చెక్క ఒకసారి కోస్తే అంతే సంగతులు, కాబట్టి వడ్రంగానికి తునకలు సేకరించి పెట్టుకోవాలి.

కొలవడం సంగతి కూడా కాస్త చూద్దాం. సైకిల్ ట్యూబు పంక్చర్ వేస్తే నీళ్లలో ముంచి చూడవచ్చు, బుడగలు వస్తే వచ్చినట్టే. పైపుల పనిలో నీళ్లు వదిలి పది నిమిషాలు చూస్తే ఎక్కడ కారుతోందో తెలుస్తుంది. కుట్టుపనిలో అంచు నుంచి కుట్టు ఎంత దూరంలో ఉందో స్కేలు పెట్టి చెప్పొచ్చు. వెబ్ పేజీ అయితే ఫోన్‌లో తెరిస్తే అక్షరాలు తెర దాటి బయటికి పోతున్నాయా లేదా అన్నది కనిపిస్తుంది. ఇలా ఎవరు చూసినా ఒకే జవాబు వచ్చే పనులతో మొదలుపెడితే మార్కుల దగ్గర గొడవలుండవు. పోస్టర్ డిజైన్, పూల అలంకరణ లాంటివి మంచివే, కాకపోతే వాటికి మార్కులు వేయడం కష్టం. రెండో ఏడాదికి ఉంచండి.

వయసును బట్టి పని మారుతుంది. పదకొండు నుంచి పదమూడేళ్ల వాళ్లకు అట్ట, గుడ్డ, బ్యాటరీ సెల్‌తో నడిచే చిన్న సర్క్యూట్లు, చేతి పనిముట్లు సరిపోతాయి. పద్నాలుగు దాటిన వాళ్లకు రెండు మూడు గంటల పని ఇవ్వొచ్చు.

ఇంకో మాట. దీన్ని సైన్స్ ఎగ్జిబిషన్‌తో కలిపేయొద్దు. ఎగ్జిబిషన్ మోడల్ ఇంట్లో తయారై వస్తుంది. అందులో పిల్లల చెయ్యెంతో నాన్న చెయ్యెంతో ఎవరికీ తెలియదు. నైపుణ్య పోటీలో పనంతా కళ్లముందు, ఇచ్చిన సామానుతో, ఇచ్చిన సమయంలో జరగాలి.

మూడో మెట్టు: పని ఇవ్వడం

పోటీ మొత్తంలో ఎక్కువ బుర్ర పెట్టాల్సింది ఇక్కడ. ఇచ్చిన పనే పిల్లలు ఏం నేర్చుకోవాలో నిర్ణయిస్తుంది. ఉదాహరణకు స్కూలు రౌండుకు ఒక పని తీసుకుని చివరిదాకా చూద్దాం: మెట్ల దీపం వైరింగ్. కింద స్విచ్ నొక్కినా, పైన స్విచ్ నొక్కినా ఒకే దీపం వెలగాలి, ఆరాలి. పద్నాలుగేళ్ల వాళ్లకు సరిగ్గా తగిన పని ఇది. ఇళ్లలో చూసిందే, కానీ కాస్త ఆలోచించాలి.

కావాల్సినవి: 60 సెం.మీ. పొడవు, 45 సెం.మీ. వెడల్పున్న ప్లైవుడ్ బోర్డు, రెండు టూ-వే స్విచ్‌లు, ఒక హోల్డర్, 12 వోల్టుల ఎల్‌ఈడీ బల్బు, 12 వోల్టుల అడాప్టర్, రెండు కొసలున్న ఒక కనెక్టర్, క్లిప్పులు, మూడు రంగుల వైరు. ఇంటి కరెంటు జోలికే వెళ్లొద్దు. 12 వోల్టులతో కూడా ఇదే వైరింగ్ నేర్పొచ్చు.

ప్రశ్నపత్రంలో ఎలా చేయాలో రాయకండి, ఏం కావాలో రాయండి. ఒక కొలతల బొమ్మ ఇవ్వండి: రెండు స్విచ్‌ల మధ్య దూరం 40 సెం.మీ., రెండూ ఒకే ఎత్తులో, బల్బు సరిగ్గా మధ్యలో, వైర్లు నిలువుగానూ అడ్డంగానూ తప్ప ఏటవాలుగా పోకూడదు. ప్రతి కొలతకూ ఎంత తేడా ఒప్పుకుంటారో అక్కడే రాయండి, 3 మి.మీ. అటూ ఇటూ అనుకోండి. ఈ ఒక్క వాక్యం లేకపోతే మార్కులు వేసే రోజు ఒకరు 2 మి.మీ. తప్పంటారు, ఇంకొకరు 5 మి.మీ. పర్లేదంటారు.

తర్వాత పనిని ముందే చేసి చూడాలి. టీచరు ఒకసారి, క్లాసులో మధ్యరకంగా చేసే ఒక విద్యార్థి ఒకసారి. (ఆ విద్యార్థి పోటీలో పాల్గొనకూడదు, నిర్వహణలో పెట్టుకోండి, సంతోషిస్తారు.) టీచరుకు అరగంట పడితే పిల్లలకు గంటన్నర దాకా ఇవ్వొచ్చు. పిల్లల్లో సగం మందైనా పూర్తి చేయలేకపోతే సమయం తప్పు లెక్కేశారన్నమాట.

పనిని రహస్యంగా ఉంచాలా? అక్కర్లేదు. నెలన్నర ముందే నోటీసు బోర్డు మీద పెట్టండి. రహస్యంగా ఉంచితే ఇంట్లో ఎలక్ట్రీషియన్ ఉన్న పిల్లలకే లాభం. అందరికీ ముందే తెలిస్తే అందరూ సాధన చేస్తారు, మనకు కావాల్సిందీ అదే. మరి బట్టీ పట్టేస్తే ఎలా అంటారా? దానికి వరల్డ్‌స్కిల్స్‌లో మంచి పద్ధతి ఉంది. ముందే బయటపెట్టిన పనిని పోటీ సమయానికి కనీసం 30 శాతం మారుస్తారు. మీరూ అంతే చేయండి. స్విచ్‌ల మధ్య దూరం మార్చండి, బల్బును మూలకు జరపండి, ఎప్పుడూ వెలుగుతూ ఉండే చిన్న ఇండికేటర్ దీపం ఒకటి అదనంగా అడగండి. సూత్రం అర్థమైన వాళ్లకు ఇదేం లెక్క కాదు. బొమ్మను బట్టీ పట్టిన వాళ్లు అక్కడే ఆగిపోతారు.

నాలుగో మెట్టు: మార్కుల షీట్

పనితో పాటే మార్కుల షీట్ కూడా ముందే బయటపెట్టాలి. పిల్లలు దాన్ని చూసుకుంటూ సాధన చేస్తారు. నిజానికి అదే వాళ్లకు పాఠ్యపుస్తకం.

‘కనెక్షన్లు బాగున్నాయా: 20 మార్కులు’ అని రాస్తే ఎవరికీ ఏమీ అర్థం కాదు. మన బోర్డులో మొత్తం పది టెర్మినళ్లు (వైరు కొస బిగించే చోట్లు) ఉన్నాయి: స్విచ్‌లకు మూడేసి చొప్పున ఆరు, హోల్డర్‌కు రెండు, కరెంటు వచ్చే కనెక్టర్‌కు రెండు. ఒక్కో టెర్మినల్‌కు రెండు ప్రశ్నలు. రాగి తీగ 1 మి.మీ. కంటే ఎక్కువ బయటికి కనిపిస్తోందా? మెల్లగా లాగితే వైరు ఊడి వస్తోందా? ఒక్కోదానికి ఒక్క మార్కు. మొత్తం 20. ఇక వాదనకు చోటు లేదు. పైగా విద్యార్థికి తన తప్పు ఏ టెర్మినల్ దగ్గరుందో వేలు పెట్టి చూపించొచ్చు.

దీపం వెలగడానికి మార్కులు వేసే చోట ఒక చిక్కుంది, జాగ్రత్తగా చూడండి. రెండు స్విచ్‌లకు కలిపి నాలుగు స్థితులుంటాయి. రెండింటిలో దీపం వెలగాలి, రెండింటిలో ఆరిపోవాలి. ఒక్కో స్థితికి ఆరు చొప్పున 24 మార్కులు పెడదామని ఎవరికైనా అనిపిస్తుంది. అలా పెడితే కరెంటే రాని బోర్డుకు కూడా 12 వస్తాయి, ఎందుకంటే ఆరి ఉండాల్సిన రెండు స్థితుల్లో అది బుద్ధిగా ఆరే ఉంటుంది!

ఇంకా పెద్ద చిక్కు వేరే ఉంది. ఈ పనిలో పిల్లలు ఎక్కువగా చేసే తప్పు, స్విచ్‌లో కామన్ టెర్మినల్‌కు (మిగతా రెండింటిలో ఏదో ఒకదానితో ఎప్పుడూ కలిసి ఉండేది) వెళ్లాల్సిన వైరును పక్క టెర్మినల్‌లో పెట్టేయడం. అప్పుడు నాలుగు స్థితుల్లో ఒక్కదాంట్లోనే దీపం వెలుగుతుంది. అది వెలగగానే విద్యార్థి అయిపోయిందనుకుని చెయ్యెత్తేస్తారు. స్థితుల లెక్కన అలాంటి బోర్డుకు నాలుగింట మూడు సరైనవే కాబట్టి 18 మార్కులు పడతాయి. మెట్ల మీద మాత్రం ఆ వైరింగ్ ఎందుకూ పనికిరాదు.

అందుకని స్థితులకు కాకుండా నొక్కులకు మార్కులు పెట్టండి. కింది స్విచ్, పై స్విచ్, మళ్లీ కింది స్విచ్, మళ్లీ పై స్విచ్. నాలుగు నొక్కుల్లో నాలుగు స్థితులూ వచ్చేస్తాయి. ప్రతి నొక్కుకూ దీపం మారాలి: వెలుగుతుంటే ఆరాలి, ఆరి ఉంటే వెలగాలి. మారితే 6, లేకపోతే సున్నా. ఇప్పుడు సరైన బోర్డుకు 24, కామన్ తప్పిన బోర్డుకు 12, కరెంటు రాని బోర్డుకు సున్నా వస్తాయి. న్యాయంగా ఉంది కదా. ఏ విభాగమైనా సరే, షీట్ తయారయ్యాక ఇలాగే ఒక తప్పు పని ఊహించుకుని దానికి ఎన్ని మార్కులు పడతాయో లెక్కేసి చూడాలి.

కొలతలకు 20, భద్రతకూ బెంచీ శుభ్రతకూ 10, సామాను పొదుపుకు 8 పెట్టొచ్చు. రెండోసారి వైరు అడిగితే అందులో కోత.

మిగిలిన 18 అంచనా మార్కులు. పనితనం కంటికి ఎలా ఉందన్నది స్కేలుతో తేలదు, అలాగని వదిలేయకూడదు. ఇక్కడ కూడా వరల్డ్‌స్కిల్స్ పద్ధతి పనికొస్తుంది. ముగ్గురు జడ్జీలు, ఒక్కొక్కరు 0 నుంచి 3 దాకా ఇస్తారు. 0 అంటే పనికిరాదు. 1 అంటే ఆ వృత్తిలో ఉన్నవాళ్లు ఒప్పుకునే స్థాయి. 2 అంటే కొన్ని విషయాల్లో అంతకంటే మెరుగు. 3 అంటే అద్భుతం. వేళ్లు ఒకేసారి చూపించాలి, ఒకరిని చూసి ఒకరు మార్చుకోకుండా. ఇద్దరి మధ్య తేడా ఒకటి కంటే ఎక్కువ వస్తే ఆగి మాట్లాడుకుని మళ్లీ వేస్తారు. మన బోర్డులో రెండు అంశాలు తీసుకుందాం: వైర్ల నడక తిన్నగా ఉందా, మొత్తం పని శుభ్రంగా ఉందా. ఒక్కో అంశానికి ముగ్గురివి కలిపి గరిష్ఠం 9, రెండింటికీ 18. మొత్తం కలిపితే సరిగ్గా నూరు.

వేగానికి మార్కులు పెట్టొద్దని నా గట్టి అభిప్రాయం. గడువు ఉంది, అది చాలు. ముందు ముగించిన వాళ్లకు అదనపు మార్కులంటే ఉలితో, బ్లేడుతో పరుగు పెట్టించినట్టే.

ఐదో మెట్టు: సామాను, భద్రత

సామాను చిట్టా రాసేటప్పుడు ప్రతి వస్తువుకూ అదనంగా కొంత పెట్టుకోండి. అందరికీ ఒకే రకం పనిముట్లు అందాలి. ఒకరికి కొత్త స్ట్రిప్పర్, ఇంకొకరికి మొద్దుబారిన కటింగ్ ప్లేయర్ ఇస్తే పోటీ అక్కడే అయిపోయింది. బెంచీలు చాలకపోతే రెండు బ్యాచ్‌లు చేసి, మొదటి బ్యాచ్ పూర్తయ్యేదాకా రెండో బ్యాచ్‌ను వేరే గదిలో ఉంచండి.

భద్రత విషయంలో మొహమాటం పనికిరాదు. జుట్టు కట్టుకోవాలి, చొక్కా చేతులు మడుచుకోవాలి, కాళ్లకు మూసి ఉండే బూట్లు, కోసేటప్పుడూ గుచ్చేటప్పుడూ కళ్లద్దాలు. చూపు కోసం పెట్టుకునే అద్దాలు రక్షణ అద్దాలు కావు. వైరింగ్‌కు కారు బ్యాటరీ వాడదామని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. అదీ 12 వోల్టులే, నిజమే, కానీ షార్ట్ అయితే ఒక్కసారిగా వందల ఆంపియర్ల కరెంటు వచ్చి వైరు ఎర్రగా కాలిపోతుంది. షార్ట్ అయితే తనంతట తానే ఆగిపోయే అడాప్టర్ తీసుకోండి. సోల్డరింగ్ (లోహపు తీగ కరిగించి అతికించడం) ఉంటే ఆ ఐరన్ మొన సుమారు 350 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటుందని పిల్లలకు చెప్పండి, స్టాండు లేకుండా ఐరన్ ఇవ్వకండి, సీసం లేని తీగ వాడండి, కిటికీలు తెరిచి పెట్టండి. కాలితే 20 నిమిషాల పాటు పారే చల్లటి నీళ్ల కింద ఉంచాలి, ఐసు పెట్టకూడదు. కుట్టు మిషన్ దగ్గర దారం ఎక్కించేటప్పుడు కాలు పెడల్ మీద ఉండకూడదు.

పర్యవేక్షకుల్లో ఎవరైనా ఎప్పుడైనా పని ఆపించవచ్చని ముందే ప్రకటించండి. ఆపిన సమయాన్ని తప్పు చేయని విద్యార్థికి తిరిగి ఇవ్వాలి.

ఆరో మెట్టు: సాధన

మొత్తం పనిని మొదటి రోజు నుంచే చేయిస్తే పిల్లలు తప్పులనే సాధన చేస్తారు. ముక్కలు చేయండి. ఒక వారం అంతా వైరు చివర తొక్క తీయడమే: తీగ తెగకుండా, గీత పడకుండా, కావాల్సినంత పొడవే. ఇరవై కొసలు తీసి వరసగా బల్ల మీద పెడితే తేడా వాళ్లకే కనిపిస్తుంది. తర్వాత టెర్మినల్ బిగింపు. ఆ తర్వాత గీతలు గీసుకుని క్లిప్పులు కొట్టడం. సర్క్యూట్‌ను కాగితం మీద గీయడం పక్కన నడుస్తూ ఉంటుంది. ఆఖరి రెండు వారాలే పూర్తి బోర్డు, గడియారం పెట్టుకుని.

జంటలుగా సాధన చేయించేటప్పుడు ఒక విషయం గమనించాలి. ఏ జంటలోనైనా ఒకరు పని చేస్తూ ఒకరు చూస్తూ ఉండిపోతారు. చాలాసార్లు అబ్బాయి చేతిలో స్క్రూడ్రైవర్, అమ్మాయి చేతిలో రికార్డు పుస్తకం ఉంటుంది. ఎవరూ కావాలని చేయరు, అలవాటుగా జరిగిపోతుంది. అందుకని పదిహేను నిమిషాలకోసారి గంట కొట్టి పనిముట్లు చేతులు మార్చుకోవాలని నియమం పెట్టండి. ఉపన్యాసం అక్కర్లేదు, గంట చాలు. వైకల్యం ఉన్న పిల్లలుంటే బెంచీ ఎత్తు, అదనపు సమయం, పెద్ద అక్షరాల బొమ్మ ఏవి కావాలో వాళ్లనే ముందు అడిగి ఏర్పాటు చేయండి. పనిలో, మార్కుల్లో మాత్రం తగ్గింపు వద్దు, వాళ్లకూ అది నచ్చదు.

నేర్పడానికి పని తెలిసిన వాళ్లను బడికి పిలవండి: ఎలక్ట్రీషియన్, దర్జీ, వడ్రంగి, ప్లంబర్. పుస్తకంలో లేని వంద చిట్కాలు వాళ్ల దగ్గరుంటాయి. రమ్మని అడగడంతో సరిపెట్టకండి. టీచర్ల కుర్చీలోనే వాళ్లనూ కూర్చోబెట్టండి, పిల్లల చేత సార్ అనో మేడమ్ అనో పిలిపించండి, వాళ్ల సమయానికి తగిన పారితోషికం ఇవ్వండి. చేతిపనికి గౌరవం ఉందని పిల్లలు నమ్మాలంటే వాళ్ల కళ్లముందు ఇదే జరగాలి.

తల్లిదండ్రుల సంగతికి వస్తే, ‘మావాడికి చదువు రాదనా ఇందులో వేశారు?’ అన్న ప్రశ్న వస్తుంది, సిద్ధంగా ఉండండి. లెక్కల్లో మొదటి వరసలో ఉన్న పిల్లలూ ఇదే బోర్డు బిగిస్తున్నారని చూపించడమే దానికి జవాబు. క్లాసంతా పాల్గొనాలన్న నియమం ఇక్కడ కూడా కలిసొస్తుంది.

ఏడో మెట్టు: జడ్జీలు

ఒక్కో విభాగానికి ముగ్గురు కావాలి. అందులో ఒకరైనా ఆ వృత్తిలో ఉన్నవాళ్లు అయివుండాలి. సొంత విద్యార్థి పనికి ఏ టీచరూ మార్కులు వేయకూడదు. బోర్డు మీద పేరు కాదు, నంబరు ఉండాలి. ఆ నంబరు ఎవరిదో తెలిసిన మనిషి మార్కుల గదిలో ఉండకూడదు.

పోటీకి ముందు ఒక గంట జడ్జీలతో కూర్చోండి. బాగున్నది ఒకటి, ఫర్వాలేదనిపించేది ఒకటి, పాడైపోయింది ఒకటి, మూడు నమూనా బోర్డులు ముందు పెట్టి మార్కులు వేయమనండి. ఒకే బోర్డుకు ఒకరు 1, ఇంకొకరు 3 ఇచ్చారంటే ‘శుభ్రంగా’ అన్న మాటకు ఇద్దరి మనసులో రెండు అర్థాలున్నాయి. అది ఆ గంటలోనే తేలిపోవాలి, పోటీ మధ్యలో కాదు.

ఎనిమిదో మెట్టు: పోటీ రోజు

బెంచీలు చీటీ తీసి ఇవ్వండి. మొదటి పదిహేను నిమిషాలు పిల్లలకు బొమ్మ చదవడానికి, సామాను లెక్క చూసుకోవడానికి, సందేహాలు అడగడానికి. ఒకరు అడిగిన సందేహానికి జవాబు అందరికీ వినపడేలా చెప్పాలి. గంట మోగాక ఇక జవాబులుండవు. సగం సమయం అయ్యాక ఒకసారి, చివరి పది నిమిషాలప్పుడు ఒకసారి చెప్పండి.

భద్రత మార్కులు పని జరుగుతున్నప్పుడే వేయాలి, తర్వాత గుర్తుండవు. మిగతావన్నీ పిల్లలు బయటికెళ్లాకే. ముందు కొలతలు, ఆఖర్లో అంచనా మార్కులని పెట్టుకుంటే, కొలతలో తప్పిన బోర్డు మీద జడ్జీలకు ముందే చిన్నచూపు ఏర్పడుతుంది. కాబట్టి అంచనా మార్కులు ముందు వేయించండి. వైర్లు లాగి చూసే పరీక్ష అన్నిటికంటే చివర, ఎందుకంటే దాంతో పని చెదిరిపోవచ్చు.

చూడటానికి వచ్చిన పిల్లలకు తాడు కట్టిన గీత అవతలే చోటు. వాళ్లు ఊరికే నిలబడకుండా పక్కనే ఒక బల్ల వేసి, పది నిమిషాల్లో అయ్యే చిన్న పని ఒకటి ఇవ్వండి: బొత్తాం కుట్టడం, ప్లగ్గు విప్పి బిగించడం (దాన్ని ఏ సాకెట్‌లోనూ పెట్టనీయకుండా). తమ్ముళ్లు, చెల్లెళ్లు వచ్చే ఏడాది అభ్యర్థులయ్యేది ఈ బల్ల దగ్గరే.

తొమ్మిదో మెట్టు: ఫలితాలు, బహుమతులు

సమాన మార్కులు వస్తే ఏం చేస్తారో ముందే రాసిపెట్టుకోండి. మన బోర్డులో అయితే దీపం పనిచేయడంలో ఎవరికి ఎక్కువ వస్తే వాళ్లు, అదీ సమానమైతే కొలతల్లో ఎక్కువ వచ్చిన వాళ్లు. అప్పటికీ తేలకపోతే ఇద్దరికీ ఇచ్చేయండి, పోయేదేం లేదు.

మూడు పతకాలతో ఆపకండి. వరల్డ్‌స్కిల్స్‌లో పతకం రాకపోయినా నిర్ణీత స్థాయిని అందుకున్న వాళ్లందరికీ ‘మెడాలియన్ ఫర్ ఎక్సలెన్స్’ అని ప్రత్యేక గుర్తింపు ఇస్తారు. మీ షీట్‌లో 70 దాటిన ప్రతి ఒక్కరికీ అలాంటిది ఇవ్వండి. సర్టిఫికెట్ మీద ‘పాల్గొన్నారు’ అన్న ఒక్క ముక్క రాసి వదిలేయకుండా, ఏం చేయగలరో రాయండి: ‘టూ-వే స్విచ్ వైరింగ్‌ను బొమ్మ చూసి 90 నిమిషాల్లో పూర్తి చేయగలరు’. రేపు శిక్షణ సంస్థలోనో, పని నేర్చుకునే చోటో చూపించినా దానికి ఒక అర్థం ఉంటుంది. బహుమతిగా కప్పు కంటే మంచి స్క్రూడ్రైవర్ సెట్టో, కత్తెరో మేలు. వాడతారు.

పదో మెట్టు: పోటీ అయ్యాక

చాలాచోట్ల ఫొటోలు దిగడంతో అయిపోతుంది. అసలు పని ఆ తర్వాతి వారంలో ఉంది. ప్రతి విద్యార్థికీ తన మార్కుల షీట్, తన బోర్డు పక్కపక్కన పెట్టి చూపించాలి. ఒక్కొక్కరికి ఐదు నిమిషాలు చాలు. మార్కు ఎక్కడ పోయిందో తన కళ్లతో చూసుకున్న పిల్లలు మళ్లీ ఆ తప్పు చేయడం అరుదు. ఈ సంభాషణ అయ్యేదాకా బోర్డులు విప్పొద్దు.

తర్వాత షీట్లన్నీ ఒకచోట పెట్టి టీచర్లు ఒక లెక్క తీయండి: ఏ అంశంలో ఎక్కువమంది మార్కులు పోగొట్టుకున్నారు? ముప్పై మందిలో ఇరవై మంది కామన్ టెర్మినల్ దగ్గరే తప్పారంటే అది పిల్లల తప్పు కాదు, నేర్పిన తీరు మార్చాలి. ఐదుగురే తప్పారంటే ఆ ఐదుగురితో మాట్లాడాలి.

గెలిచిన వాళ్లకు కింది తరగతుల సాధన అప్పగించండి, వారానికి ఒక పీరియడ్ చాలు. ఆసక్తి బాగా ఉన్న వాళ్లను పని జరిగే చోటికి ఒకరోజు తీసుకెళ్లండి. కట్టడం జరుగుతున్న భవనం, కుట్టు యూనిట్, మరమ్మతుల షెడ్డు ఏదైనా సరే. అక్కడివాళ్లతో ముందే మాట్లాడి, ఊరికే తిప్పి చూపించకుండా పిల్లల చేత చిన్న పనైనా చేయించమని అడగండి.

చివరగా సామాను. బోర్డులు విప్పి, వైర్లు పొడవును బట్టి చుట్టలు చుట్టి, స్విచ్‌లను పరీక్షించి, పాడైనవి పక్కన పెట్టి, పెట్టె మూత లోపలి వైపు చిట్టా అతికించండి. పని పత్రం, మార్కుల షీట్, జడ్జీలకు తలెత్తిన సందేహాలు, వాటికి తీసుకున్న నిర్ణయాలు అదే పెట్టెలో ఒక ఫైలుగా పెట్టండి. మీరు బదిలీ అయి వెళ్లినా, కొత్తగా వచ్చిన టీచరు ఆ పెట్టె తెరిచి వచ్చే ఏడాది పోటీని అక్కడి నుంచే మొదలుపెట్టగలగాలి.